గుమ్మం పక్కన చెప్పులు

ఆదివారం అనుబంధంలో నడుస్తున్న సీరియల్ ఇంకొక్క భాగంతో ముగుస్తుందనగా, అందులో పోయిన మనిషిని మా ప్రూఫ్ రీడర్ బతికించాడు. ఆ సంగతి ఆయనకు తెలియదు. పత్రిక అచ్చయి ఇళ్ళకు చేరేదాకా మాకూ తెలియలేదు.

ఆఫీసులో ఆయన్ని భూతద్దం అంటాం. ఎదురుగా ఎవరూ అనరు. ఆయన మాత్రం ఫోనెత్తి, "భూతద్దాన్ని మాట్లాడుతున్నా, చెప్పండి" అంటాడు. మెట్ల కింద ఆయన గది. వాలుబల్ల, ఎర్ర పెన్సిళ్ళు, గోడ పొడుగునా పాత సంచికల బైండ్లు, సందులోకి తెరుచుకునే కిటికీ. పైకి వెళ్ళేవాళ్ళంతా ఆయన నెత్తి మీదుగా వెళ్ళాల్సిందే. అందుకని అడుగుల చప్పుడుతోనే మనుషుల్ని గుర్తుపడతాడు. ఎవరు ఆలస్యంగా వచ్చారో, ఎవరు ఎడిటర్ గదిలో చీవాట్లు తిని దిగుతున్నారో తల ఎత్తకుండా చెప్తాడు.

నేను నగర వార్తలు రాస్తాను. నా ప్రూఫులు కూడా ఆ బల్ల మీదికే వెళ్తాయి. ఒకసారి పిలిచి, "మీ వార్తలో మేయరు గారు రెండుసార్లు బయల్దేరారు. మధ్యలో ఒకసారి ఇంటికి రప్పిద్దామా, ఒక బయల్దేరడం కొట్టేద్దామా?" అన్నాడు. కొట్టేయమన్నాను. చెప్పిందే చెప్పడం పత్రికలో తప్పు. చెప్పాల్సింది వదిలేయడం ఇంకా పెద్ద తప్పు. ఈ రెంటినీ పట్టుకోవడం ఆయన ఉద్యోగం.

ఆ ఉద్యోగం ఒక్క జవాబు మీద నిలబడి ఉంది. అక్షరదోషాలు కంప్యూటరే పట్టుకుంటుంటే మెట్ల కింద మనిషి ఎందుకని యాజమాన్యం ఏటా అడుగుతుంది. పత్రికలో సవరణలు వేసుకునే అగత్యం రాకుండా ఉండటానికని ఎడిటర్ ఏటా చెప్తారు. వేరే విభాగాల పొరపాట్లకు సవరణలు పడ్డాయి. నావీ ఉన్నాయి. ప్రూఫ్ విభాగం పేరు మీద మాత్రం పడలేదు. పడిన రోజున ఎడిటర్ దగ్గర జవాబు ఉండదు. ఇది అందరికీ తెలుసు. అందరికంటే ఆయనకు బాగా తెలుసు.

సీరియల్ రాస్తున్నావిడ లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి. చేతిరాత ప్రతి కొరియర్లో పంపేది. ఆఫీసులో ఆమెను చూసినవాళ్ళు లేరు. కథ ఒక ఇంటి గురించి. నాన్న సర్వే శాఖలో భూమి కొలిచే గొలుసు లాగే ఉద్యోగి. అమ్మ గడప దాటదు. బయటి పనులన్నీ నాన్నవే. కూతురు మందుల దుకాణంలో పనిచేస్తుంది. పక్క వాటాలో పిన్ని ఉంటుంది. హత్య లేదు, విడాకులు లేవు, ఆస్తి తగాదా లేదు. మొదటి భాగం చూసి ప్రకటనల విభాగం వాళ్ళు పెదవి విరిచారు. భూతద్దం విరవలేదు. "ఈవిడ ఇంట్లో సామాను తక్కువ. కానీ ఏదీ ఊరికే పెట్టదు, చూస్తుండండి" అన్నాడు. అప్పటినుంచి ఆ గదిలో టీ తాగుతూ ఆ ప్రూఫులు చదవడం నాకు అలవాటైంది.

ఉపమానం ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలుసు. భాగం మొత్తానికి ఒకటి ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఉన్నా అది తన నోటితో చెప్పదు, కథలో మనిషి చేత అనిపిస్తుంది. వస్తానని చెప్పి రాని బంధువు గురించి నాన్న, "వాడి మాట మా గొలుసులాంటిది, ఎండకి సాగుతుంది" అంటాడు. ఆ పోలిక ఆ ఇంట్లో ఇంకెవరూ చేయలేరు. ఎండలో గొలుసు లాగినవాడే చేయాలి. బంధువు ఎలాంటివాడో చెప్పడానికి వాడిన వాక్యంలో నాన్న ఎండలో గడిపిన బతుకు కూడా వచ్చి కూర్చుంది. అదే మేమైతే రెండు పేరాలు తీసుకుంటాం, రెండోది ఎడిటర్ కొట్టేస్తారు.

పిన్నికి అతిశయోక్తి ఇచ్చింది. పిన్ని ఏం చెప్పినా వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది, ఊరు ఊరంతా చూసి ఉంటుంది, నవ్వితే పక్క వీధి కుక్కలు లేచి ఉంటాయి. పాఠకులు పిన్ని కోసం ఎదురుచూడటం మరిగారు. నాన్నకు ఒంట్లో బాగాలేక ఆసుపత్రిలో చేర్చిన రోజు అమ్మ ఇంట్లో ఉంటుంది, పిన్ని వెళ్ళి వస్తుంది. డాక్టరు ఏమన్నాడని అమ్మ అడుగుతుంది. "ఏమీ అనలేదక్కా. చీటీ చూసి పక్కన పెట్టాడు" అంటుంది పిన్ని. అంతే. అన్ని వారాలుగా గోరంతల్ని కొండంతలు చేసిన మనిషి ఆ రోజు ఉన్నది ఉన్నట్టు చెప్పింది. జబ్బు పేరు కథలో లేదు. ఉండక్కర్లేకపోయింది. భూతద్దం అక్కడ పెన్సిల్ కింద పెట్టి, "పిన్ని చేత ఇన్నాళ్ళూ కోతలు కోయించింది ఇందుకన్నమాట" అన్నాడు.

ఆసుపత్రి భాగం చివర నాన్న కూతుర్ని ఒకటే అడుగుతాడు. చెప్పులు మంచం కింద, కాలు దించితే తగిలేట్టు పెట్టమంటాడు. ఆమె పెడుతుంది. ఆ భాగం అక్కడితో ఆగిపోయింది.

తర్వాతి భాగం కొన్నాళ్ళ తర్వాత మొదలవుతుంది. అదే చివరికి ముందు భాగం. కూతురు దుకాణానికి వెళ్తుంది, మందులు ఇస్తుంది, సాయంత్రం ఇంటికి వస్తుంది. ఆ రావడాన్ని రచయిత్రి సీరియల్ మొదటి భాగంలో ఒకసారి రాసింది. అసలు కథ మొదలైందే ఆ పేరాతో:

"తలుపు తోసింది. గొడుగు మేకుకి తగిలించింది. గుమ్మం పక్కన నాన్న చెప్పులు ఉన్నాయి. గడియారం ఎప్పటిలాగే వెనకబడి ఉంది. లోపలినించి అమ్మ, వచ్చావా, అంది."

చివరికి ముందు భాగం ఇదే పేరాతో ముగుస్తుంది. అక్షరం మారలేదు. కాకపోతే చేతిరాత ప్రతిలో చెప్పుల వాక్యం లేదు.

ఆ లేని వాక్యమే నాన్న చావు. ఆమె దాన్ని ఇంకెక్కడా రాయలేదు. ఏడుపు లేదు, మోసుకెళ్ళడం లేదు. గొడుగు ఉంది, గడియారం ఉంది, అమ్మ ఉంది. మొదటి భాగం గుర్తున్న పాఠకుడు ఆ పేరాలో నడుస్తూ చెప్పులుండాల్సిన చోటికి వచ్చి ఆగిపోవాలి. అప్పటికే మా దగ్గరికి చేరిన చివరి భాగంలో నాన్న అనే మాట ఒక్కసారి కూడా రాదు. చెప్పిందే చెప్పడం, చెప్పాల్సింది వదిలేయడం. పత్రికలో ఉద్యోగాలు ఊడగొట్టే ఆ రెండు తప్పుల్నీ ఆమె ఒక్క పేరాలో కలిపి, ఒక మనిషిని సాగనంపింది.

భూతద్దానికి మొదటి భాగం గుర్తుంది. ఆయనకు అన్నీ గుర్తుంటాయి. పేరా చూడగానే ఎక్కడో చదివానని బైండు తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఒక వరస లేదు. చూసి రాసేటప్పుడు కన్ను ఒక వరస దాటేయడం ఆయన రోజూ చూసే పొరపాటు. టైపు చేసేవాళ్ళు దాటేస్తారు, రచయితలు తమ రాతనే ఎత్తి రాసుకుంటూ దాటేస్తారు. ఆమెకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పేజీ వెళ్ళే వేళయింది. మార్జిన్లో ఎర్ర పెన్సిల్‌తో ఆ వాక్యం రాసి, గీత లాగి, లోపలికి పంపాడు. "లెక్కల టీచరు కూడా ఒక వరస మింగేసింది" అని టీ దగ్గర చెప్పాడు. విన్నవాళ్ళు శభాష్ అన్నారు.

సోమవారం పొద్దుటినుంచి ఫోన్లు. పెద్దాయన ఇల్లు చేరినందుకు సంతోషమని ఒకావిడ. రాత్రి మా ఇంట్లో అందరం హాయిగా పడుకున్నామని ఇంకొకాయన. ఒకరు ఆ డాక్టరు ఎక్కడ కూర్చుంటాడని అడిగారు. భూతద్దం ఇంట్లో ఆదివారమే గొడవైంది. సీరియల్లో నాన్న తిరిగొచ్చాడని ముందే చెప్తే తన ప్రాణం కుదుటపడేదని, మొగుడు నోట్లో ఏం పెట్టుకుని తిరుగుతున్నాడని వాళ్ళావిడ నిలదీసిందట. పాఠకుల స్పందన అదిరిందని ఎడిటర్ సంబరపడుతుండగా రచయిత్రి ఫోన్ చేసింది.

ఆమె కేకలు వేయలేదు. "మా గుమ్మం దగ్గర చెప్పులు ఎవరు పెట్టారండీ?" అని అడిగింది.

ఎడిటర్‌కు మొదట అర్థం కాలేదు. చేతిరాత ప్రతి తెప్పించారు, బైండు తెప్పించారు, మార్జిన్లో ఎర్రగీత ఉన్న ప్రూఫు తెప్పించారు. మూడూ పక్కపక్కన పెట్టి చూశారు. భూతద్దాన్ని పిలిచారు. నేనూ అక్కడే ఉన్నాను. తన నెత్తి మీద జనం ఎక్కే మెట్లు ఆయన ఎక్కి రావడం అరుదు. వచ్చి, కాగితాలు చూసి, "వరస దాటింది సార్. అందుకే ఎక్కించా" అన్నాడు. ఎడిటర్ ఆసుపత్రి భాగం చివర చదవమన్నారు. ఆ వెంటనే చేతిరాత పేరా చదవమన్నారు, తను కలిపిన వాక్యం లేకుండా. ఆయన నిలబడే చదివాడు. చదివి, కూర్చోమనకుండానే కూర్చున్నాడు.

"అయితే నేను ఆయన్ని..." అని ఆగిపోయాడు.

సవరణ రాసే పని నాకు పడింది. ఆ పని నాకు అలవాటు. చిన్న వాక్యాలు రాస్తానని ఇస్తారు. మొదట ఇలా రాశాను: గత ఆదివారం సీరియల్ చివరి పేరాలో గుమ్మం పక్కన చెప్పులు ఉన్నట్టు అచ్చయింది, లేవని గమనించగలరు. ఎడిటర్ చదివి, ఎవరో ఎత్తుకుపోయారనుకుంటారు అన్నారు. ఆ వాక్యం తొలగించి చదువుకోవాల్సిందిగా మనవి అని మార్చాను. అది నిజాయితీగానే ఉంది. కానీ ఇక్కడ గొయ్యి ఉంది, చూసుకుని నడవండి అని బోర్డు పెట్టాక అందులో ఎవరి కాలూ పడదు. కాలు పడాలనే ఆమె తవ్వింది. ఇక మిగిలింది నాన్న చనిపోయారని రాయడం.

"నవల మొత్తం మీద ఆవిడ రాయని ముక్క మనం రాస్తామా?" అన్నారు ఎడిటర్. "అదీ లోపలి పేజీలో, కూరగాయల ధరల కింద?"

ఏది రాసినా అడుగున ప్రూఫ్ విభాగం అని పడాలి.

మధ్యాహ్నం రచయిత్రి స్వయంగా వచ్చింది. చేతిలో గుడ్డ సంచి, గొడుగు. కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. ఎడిటర్ క్షమాపణ చెప్పారు. సవరణ ఆమె హక్కని, ఎంత పెద్ద అక్షరాల్లో కావాలంటే అంత వేస్తామని, ఏం రాయాలో ఆమే చెప్పొచ్చని అన్నారు. ఆమె విని, ఈ పని చేసినాయన సంగతేమిటని అడిగింది. ఎడిటర్ నీళ్ళు నమిలారు. ఆమె పిల్లల చేత జవాబులు రప్పించిన మనిషి, ఊరుకుని కూర్చుంది. చివరికి ఎడిటర్ యాజమాన్యం ప్రశ్న, తన జవాబు, సవరణ పడితే జరిగేది అన్నీ చెప్పాల్సి వచ్చింది. ఒకసారి ఆయన్ని చూస్తానంది.

అందరం మెట్ల కింద గదికి దిగాం. భూతద్దం లేచి నిలబడ్డాడు.

"తప్పయిపోయిందమ్మా" అన్నాడు.

"కూర్చోండి తమ్ముడూ. పోట్లాటకి రాలేదు. ఒకటి అడగాలి. అక్కడ ఒక వాక్యం లేదని మీకెలా తెలిసింది?"

"బైండు తీసి చూశానమ్మా."

"బైండు ఎందుకు తీశారు?"

ఆయన ఆలోచించాడు. నెత్తి మీద ఎవరో గబగబా మెట్లు దిగుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా ఆగాడు.

"చదువుతుంటే కాలు జారిందమ్మా. దిగుతుంటే ఒక మెట్టు లేనట్టు. పేరా అంతా బాగానే ఉంది, ఎక్కడో నా అడుగు పడలేదు. అందుకని తీశాను."

ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఆయన్ని చూసింది. తర్వాత తల ఎత్తి, గది పైకప్పుగా ఉన్న మెట్ల అడుగు భాగాన్ని చూసింది. ఆ పోలిక ఎక్కడినుంచి వచ్చిందో ఆమెకు అర్థమైనట్టుంది.

"నేను గొయ్యి తవ్వి కూర్చున్నాను, ఎవరైనా పడతారా లేదా అని. మీరు పడ్డారు. కాకపోతే లేస్తూనే పూడ్చేశారు" అంది.

"అది మా జబ్బమ్మా."

"మా అక్క ఫోన్ చేసింది. ఏమే, నాన్నని బతికించావా, ఇన్నాళ్ళకి ఒక మంచిపని చేశావు అంది. నేను కాదే, పేపరు వాళ్ళు అంటే వినదు."

భూతద్దం నవ్వబోయి ఎడిటర్‌ను చూసి మానేశాడు. ఎడిటర్ సవరణ మాట ఎత్తారు. అనుబంధం ముందుగా అచ్చవుతుంది, వచ్చే ఆదివారం పేజీ ఆ సాయంత్రానికే వెళ్ళిపోవాలి. చివరి భాగం ఇప్పుడున్నట్టే వేస్తే, ఇంటికొచ్చిన మనిషి ఏమయ్యాడని అందరూ అడుగుతారు. కాబట్టి సవరణ తప్పదు.

"సవరణ వేస్తే ఆయన పోయాడని తెలుస్తుంది. అనిపించదు" అంది ఆమె.

ఆమె వాలుబల్ల మీది బైండు తిప్పుతోంది. మొదటి భాగం, ఆసుపత్రి భాగం, నిన్నటి భాగం. చెప్పులు మంచం కింద పెట్టే వాక్యం మీద వేలు పెట్టి ఉంచింది.

"చెప్పులు ఇంటికొచ్చాయి కదా" అంది చివరికి. "రానివ్వండి. మనిషితోనే రావాలని ఎక్కడుంది?"

ఎడిటర్ ఏదో అనబోయారు. ఆమె వినలేదు. లెక్కలో ఒకటి ఇచ్చారంటే దాన్ని వాడి తీరాలని, తను ఇవ్వకపోయినా అచ్చు ఇచ్చింది కాబట్టి ఇచ్చినట్టే లెక్కని చెప్పింది. తన చివరి భాగం తనకు తిరిగి ఇప్పించమంది. కాగితాలు అడిగింది. భూతద్దం తన కుర్చీ ఆమెకు ఇచ్చి తను బైండ్ల కట్ట మీద కూర్చున్నాడు.

నాకు బయట పని ఉండి వెళ్ళి వస్తున్నాను. వచ్చినప్పుడల్లా ఆమె రాస్తూ ఉంది, లేదా కొట్టేస్తూ ఉంది. మొదట చెప్పుల మీద దుమ్ము పేరుకున్నట్టు రాసింది. రాసి, "దుమ్ము అందరూ రాస్తారు" అని చింపేసింది. తర్వాత అమ్మ ఆ చెప్పుల్ని చేతిలోకి తీసుకున్నట్టు రాసి, అదీ చింపింది. అమ్మ ఏడ్చే పని పెట్టుకుంటే పాఠకుడికి పని ఉండదంది. మరోసారి నేను వెళ్ళేసరికి పెన్ను మూసి కిటికీలోంచి సందులోకి చూస్తోంది. సందులో టీ కొట్టు ముందు ఎవరో బకెట్‌తో నీళ్ళు కొట్టారు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు తిట్టుకుంటూ కాళ్ళు పైకి పెట్టుకున్నారు.

"తమ్ముడూ, ఈ కథలో ఎప్పుడైనా వాన పడిందా?" అని అడిగింది.

"లేదమ్మా. గొడుగు ఎప్పుడు తీసినా ఎండకే."

"మంచిది. ఖర్చు కాలేదన్నమాట" అని మళ్ళీ పెన్ను తెరిచింది.

ఆ తర్వాత కొట్టేయలేదు.

ఆమె అక్కడ రాసిన చివరి భాగంలో మొదటినుంచి చివరిదాకా వాన. సర్వే ఆఫీసు వాళ్ళు వస్తారు. మందుల దుకాణం యజమాని వస్తాడు. పిన్ని వస్తుంది, వచ్చి, కూర్చుని, "తిన్నావా అక్కా" అని ఒకటే అంటుంది. ఎవరూ ఎందుకొచ్చారో చెప్పరు. ఎవరొచ్చినా గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తారు. అన్నీ తడిచెప్పులు. నీళ్ళు గడప దాటి లోపలికి వస్తుంటే అమ్మ గోనెపట్టా తెచ్చి వేస్తుంది. వేస్తూ ఒక జతను ఎత్తి గోడవారగా, నీళ్ళు తగలని చోట పెడుతుంది. అది ఎవరి జతో రాయలేదు. మర్నాడు, ఇంకా వానలోనే, సర్వే ఆఫీసులో సంతకానికి ఎవరో ఒకరు వెళ్ళాల్సి వస్తుంది. బయటి పని. కూతురు లేవబోతుంది. అమ్మ గొడుగు తీసుకుని గడప దాటుతుంది. చివరి పేరాలో తిరిగి వస్తుంది:

"తలుపు తోసింది. గొడుగు మేకుకి తగిలించింది. తడిసిన చెప్పులు విడిచింది. పక్కనున్న జత పొడిగా ఉంది. గడియారం ఎప్పటిలాగే వెనకబడి ఉంది. లోపలినించి కూతురు, వచ్చావా, అంది."

ఇందులో కూడా నాన్న అనే మాట లేదు. మొదట రాసినదాంట్లో ఏ నియమం పెట్టుకుందో, సాయంత్రం లోపు, వేరే వాళ్ళ గదిలో, ఇంకొకరు తెచ్చిపెట్టిన చెప్పులతో రాస్తూ కూడా ఆ నియమం వదల్లేదు. మూడుసార్లు వచ్చిన పేరాలో మొదటిసారి కూతురు వచ్చింది, అమ్మ పలికింది. మూడోసారి అమ్మ వచ్చింది, కూతురు పలికింది. ఆ ఇంట్లో బయటి పని ఎవరి చేతికి మారిందో వేరే చెప్పలేదు. అన్ని వారాలు ఎండకే తెరిచిన గొడుగు ఆ ఒక్క భాగం కోసం మేకుకి వేలాడుతూ ఉందనిపించింది. ముందే అలా అనుకుని పెట్టలేదని నాకు తెలుసు. అయినా అలాగే అనిపించింది. పనితనం అంటే అదేననుకుంటాను.

పైన టైపు అయి ప్రూఫు కిందికి వచ్చింది. ఆమె ఇంకా అక్కడే టీ తాగుతోంది. ఎడిటర్ తలుపు దగ్గర నిలబడ్డారు. భూతద్దం తన కుర్చీలో కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. చేతిరాత ప్రతి ఎడమ పక్క, ప్రూఫు కుడి పక్క. ఒక దీర్ఘం సరిచేశాడు. ఒక చుక్క పెట్టాడు. చివరి పేరాకు వచ్చాక పెన్సిల్ ఆగింది.

ఆ పేరా ఆయనకు కంఠతా వచ్చు. అందులో ఒక వాక్యం పోయి రెండు కొత్తవి వచ్చాయి. ఒక మాట ఒక నోట్లోంచి ఇంకో నోట్లోకి వెళ్ళింది. ఎర్ర పెన్సిల్ మార్జిన్ మీదికి వెళ్ళింది. ఎడిటర్ ఒక అడుగు ముందుకేశారు. పెన్సిల్ అక్కడ ఒక ప్రశ్నార్థకం పెట్టి వెనక్కి వచ్చింది. ఆయన కాగితాన్ని ఆమె వైపు తిప్పాడు.

"అమ్మ అనాల్సిన మాట ఇక్కడ కూతురంది. కావాలనేనా అమ్మా?"

"కావాలనే."

"పొడిగా ఉంది అన్నది..."

"అదీ కావాలనే."

ఆయన ప్రశ్నార్థకం కొట్టేశాడు. సంతకం పెట్టాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి, వెంటనే పెట్టుకోకుండా చేతిలో పట్టుకున్నాడు.

"మా ఆవిడ చాలా సంతోషంగా ఉందమ్మా, ఆయన తిరిగొచ్చాడని. తనకెలా చెప్పాలో తెలియడం లేదు" అన్నాడు.

"మీరు చెప్పకండి. ఆదివారం నేను చెప్తాను" అంది ఆమె.

సవరణ వేయలేదు. ఆ తర్వాతి సోమవారం ఫోన్లు తక్కువ వచ్చాయి. చేసినవాళ్ళు కూడా నెమ్మదిగా మాట్లాడారు. చెప్పులు మొన్న ఎందుకు ఉన్నాయని ఒక్కరూ అడగలేదు. ఆసుపత్రినించి కూతురు సంచిలో తెచ్చి ఉంటుందని ఒకావిడ తనే చెప్పింది. ఆ మాట సీరియల్లో ఎక్కడా లేదు. ఆవిడ చదివానంది.

వాళ్ళావిడ ఏమందని నేను భూతద్దాన్ని అడిగాను. ఏమీ అనలేదన్నాడు. వంటింట్లో గట్టు దగ్గర నిలబడి చదివిందట. పత్రిక మడత పెట్టి, బయటికి వెళ్ళి, ఆయన విడిచిన చెప్పులు తెచ్చి గుమ్మం లోపల పెట్టిందట.

"వాన కూడా లేదండీ" అన్నాడు.

ఆ ఏడాది కూడా యాజమాన్యం ఎప్పుడూ అడిగేదే అడిగింది, ఎడిటర్ ఎప్పుడూ చెప్పేదే చెప్పారు. నవల పుస్తకంగా వచ్చేటప్పుడు మొదట రాసిన చివరి భాగమే వేసుకోవచ్చని ప్రచురణకర్తలు అన్నారట. ఆమె చెప్పుల్ని, వానని ఉంచేసింది. రెంటిలో ఏది మేలని నేనూ భూతద్దం ఇప్పటికీ వాదించుకుంటాం. లేని చెప్పులే గొప్ప అంటాడు ఆయన. నేను పొడి చెప్పుల పక్షం.

ఆయన పద్ధతి ఒకటి మారింది. కొట్టేసే ముందు, కలిపే ముందు, మార్జిన్లో చిన్న ప్రశ్నార్థకం పెడుతున్నాడు. మొన్న మెట్లెక్కుతుంటే అడుగుల చప్పుడు గుర్తుపట్టి లోపలినించే పిలిచాడు. నా ప్రూఫు ఆయన ముందు ఉంది.

"మేయరు గారు మళ్ళీ రెండుసార్లు బయల్దేరారు. కావాలనేనా?" అన్నాడు.

కాదు, కొట్టేయమన్నాను.